రూట్ మహారాజు గారి సన్యాసం

సర్వర్ ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఒక కామెంట్ (కోడ్ మధ్యలో మనుషుల కోసం రాసుకునే మాట) అంటే వల్లమాలిన ప్రేమ. "ఇక్కడితో రూట్ హక్కులన్నీ వదిలేస్తున్నాం." రూట్ అంటే యంత్రం మీద సర్వాధికారాలూ ఉన్న యూజర్. మిగతా కోడంతా ఎలా ఏడ్చినా ఈ వాక్యంలో మాత్రం అక్షరదోషం కూడా ఉండదు. దాని కింద రెండే రెండు సిస్టమ్ కాల్స్, అంటే కెర్నల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) పెట్టుకునే అర్జీలు, ఉంటాయి: ముందు యూజర్‌ని మార్చే సెట్‌యూఐడీ, తర్వాత యూజర్లని కలిపి హక్కులిచ్చే గ్రూప్‌ని మార్చే సెట్‌జీఐడీ. మొన్న లాగ్‌లు (యంత్రాలు రాసుకునే దినచర్యలు) పోగుచేసే ఒక ప్రోగ్రామ్ సోర్స్ తిరగేస్తుంటే ఆ జంట మళ్లీ దర్శనమిచ్చింది. అదే వరుస, అదే కామెంట్. రెండు కాల్స్ ఏం చెప్పాయో పట్టించుకున్న నాథుడు లేడు.

ఇంతటి త్యాగం దేనికంటే, సిస్‌లాగ్ అనే పద్ధతిలో వచ్చే లాగ్‌లు వినాలంటే 514వ పోర్ట్, అంటే నెట్‌వర్క్ ద్వారం, కావాలి. 1024 కంటే తక్కువ పోర్ట్ పట్టుకోవాలంటే మామూలుగా రూట్ హక్కు ఉండాలి. పోర్ట్ చేతికొచ్చాక ఆ హక్కుతో పనిలేదు. పైగా నెట్‌వర్క్ మీంచి ఎవడు ఏ చెత్త పంపిస్తాడో తెలియదు కాబట్టి రూట్‌గా ఉండి దాన్ని చదవడం ప్రమాదం. అందుకని ఏ అధికారమూ లేని మామూలు యూజర్‌గా మారిపోవాలి. ఉద్దేశం బంగారం. ఆచరణ ఎలా ఉంటుందో చూద్దాం.

మహారాజు గారికి వైరాగ్యం పుట్టింది. సభ తీర్చారు. మంత్రులు కళ్లొత్తుకుంటుండగా కిరీటం తీసి సింహాసనం మీద పెట్టి, కాషాయం కట్టి, కమండలం పట్టారు. ఇది సెట్‌యూఐడీ. గడప దాటబోతూ నడుముకి వేలాడుతున్న ఖజానా తాళాలు చూసుకున్నారు. "ఒరేయ్, ఇవి కూడా తీసేసుకోండి" అన్నారు. ఇది సెట్‌జీఐడీ. ద్వారపాలకుడు చేతులు కట్టుకుని, "స్వామీ, తాళాలు చేతులు మారాలంటే రాజాజ్ఞ ఉండాలి. తమరు ఇందాకే సన్యాసులయ్యారు. సన్యాసి మాట మాకు చెల్లదు" అన్నాడు. కెర్నల్ భాషలో ఈ జవాబు పేరు ఈపెర్మ్. అనుమతి లేదు, దయచేయండి అని.

బుద్ధున్న రాజైతే అక్కడే ఆగిపోతాడు. మన రాజు ఆ జవాబు వినలేదు. వినే అలవాటు లేదు. తాళాల గుత్తి ఘల్లుఘల్లుమంటుండగా అడవికి బయలుదేరాడు. వెనకాల ఆస్థాన లేఖకుడు తాళపత్రం మీద "ప్రభువులు సర్వం త్యజించారు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టాడు. మన కామెంట్ అదే. అడవిలో మొదటి మలుపులోనే బందిపోట్లు కాచుకుని ఉన్నారు. వాళ్లకి రాజుతో పనేముంది? తాళాలు చాలు. రూట్ గ్రూప్‌కి చదివే వీలున్న ప్రతి ఫైలూ, రాసే వీలున్న ప్రతి డైరెక్టరీ వాళ్లవే.

వరుస తిప్పి రాసే వివేకవంతులూ ఉన్నారు. ముందు సెట్‌జీఐడీ, తర్వాత సెట్‌యూఐడీ. భేష్. కానీ సప్లిమెంటరీ గ్రూపులని, అసలు గ్రూప్ కాక అదనంగా అంటుకున్న గ్రూపుల మూట ఇంకోటి ఉంటుంది. దాన్ని దించాలంటే అన్నిటికంటే ముందు సెట్‌గ్రూప్స్ పిలవాలి. ఆ మూట ఫోర్క్ చేసి కొత్త ప్రాసెస్ పుట్టించినా వెంట వస్తుంది, ఎగ్జెక్ చేసి వేరే ప్రోగ్రామ్‌గా మారినా వెంట వస్తుంది. సెట్‌జీఐడీ దాన్ని ముట్టుకోదు. మర్యాద కొద్దీ కాబోలు, యూనిక్స్ తరహా సిస్టమ్స్‌కి ఉమ్మడి నియమావళి అయిన పోసిక్స్ ప్రమాణం కూడా సెట్‌గ్రూప్స్ ఊసెత్తదు. పాత రెడ్‌హ్యాట్ లైనక్స్ సిస్టమ్స్‌లో రూట్ ఉన్న గ్రూపుల్లో డిస్క్ కూడా ఒకటి. డిస్క్ గ్రూప్ చేతిలో ఉంటే ఫైల్ పర్మిషన్లతో పనిలేదు, హార్డ్‌డిస్క్‌నే నేరుగా చదువుకోవచ్చు. ఇందులో ఇంకో చోద్యం. యంత్రం బూట్ అయినప్పుడు మొదలైన సర్వీస్‌కి ఈ మూట ఉండకపోవచ్చు. అదే సర్వీస్‌ని రూట్‌గా లాగిన్ అయిన అడ్మిన్ చేత్తో రీస్టార్ట్ చేస్తే, ఆయన షెల్‌లో (ఆదేశాలు టైప్ చేసే చోట) ఉన్న గ్రూపులన్నీ దానికి సంక్రమిస్తాయి. అంటే తప్పు దొరుకుతుందో లేదో నిన్న రాత్రి ఎవరు రీస్టార్ట్ చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎవరు రీస్టార్ట్ చేయమన్నా సర్వీసుల్ని తనే మొదలుపెట్టే సిస్టమ్‌డీని రోజూ తిట్టేవాళ్లు కనీసం ఈ ఒక్క బెడద తప్పించినందుకైనా దానికో నమస్కారం పెట్టుకోవచ్చు.

ఇదంతా ముసలి సీ భాష ప్రోగ్రాముల గోల, మేం కంటైనర్ల (ప్రోగ్రామ్‌ని విడిగా ఒక పెట్టెలో పెట్టి నడిపే పద్ధతి) కాలం వాళ్లం అని మీసం మెలేసేవాళ్లకి 2022 గుర్తుచేయాలి. ఆ ఒక్క ఏడాదే డాకర్, పాడ్‌మన్, క్రై-ఓ అనే మూడు కంటైనర్ సాధనాలూ సప్లిమెంటరీ గ్రూపులు సరిగ్గా పెట్టడం లేదని తేలి ప్యాచ్‌లు వేసుకున్నాయి.

గ్రూప్ వదులుకుంటే నష్టమే కదా, లాభమెలా అని అడిగేవాళ్లకి యూనిక్స్ దగ్గర ఇంకో వింత జవాబుంది. పర్మిషన్ చూసేటప్పుడు ఓనరా, గ్రూపా, ఇతరులా అని వరుసగా చూసి, మొదట తగిలినదాని దగ్గరే తీర్పు చెప్పేస్తుంది. కాబట్టి ఒక ఫైల్‌కి 0604 (ఓనర్‌కి చదివే, రాసే హక్కు, గ్రూప్‌కి సున్నా, ఇతరులకి చదివే హక్కు) పెడితే ఊరందరూ చదవొచ్చు, ఆ గ్రూప్ వాళ్లు తప్ప. గ్రూప్‌లోంచి బయటపడితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. యూజర్ నేమ్‌స్పేస్‌లు (యూజర్ల, గ్రూపుల లెక్క విడిగా పెట్టుకునే ఏర్పాటు) వచ్చాక ఏ హక్కూ లేనివాడు కూడా ఇలా గ్రూపులు దులిపేసుకునే దారి దొరికింది. దాన్ని మూయడానికి 2015లో వచ్చిన లైనక్స్ 3.19లో ప్రాక్ (కెర్నల్ సంగతులు ఫైళ్లుగా కనిపించే డైరెక్టరీ) కింద సెట్‌గ్రూప్స్ అని ఒక ఫైలే పెట్టాల్సి వచ్చింది. అందులో డినై (సెట్‌గ్రూప్స్ నిషేధం) అని రాస్తే తప్ప మామూలు యూజర్‌కి గ్రూప్ మ్యాప్ (నేమ్‌స్పేస్ లోపలి గ్రూపులకి బయటి గ్రూపులతో లంకె) రాసుకునే వీలుండదు. ప్రపంచంలో సన్యాసానికి కూడా ముందస్తు నిషేధం ఉన్న రాజ్యం ఇదొక్కటే అయి ఉంటుంది.

గో భాష వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. లైనక్స్ కెర్నల్‌లో ఈ హక్కులు ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే థ్రెడ్‌కి థ్రెడ్‌కి వేరు. సీ ప్రోగ్రాములు వాడే జీలిబ్‌సీ లైబ్రరీ లోలోపల సిగ్నళ్లు పంపి అన్ని థ్రెడ్‌ల చేతా ఒకేసారి మార్పిస్తుంది. గోకి ఆ ఏర్పాటు కుదరలేదు. అందుకే 1.16 వచ్చేదాకా, ఏళ్ల తరబడి, లైనక్స్ మీద సెట్‌యూఐడీ పిలిస్తే "మావల్ల కాదు" అని ఎర్రర్ ఇచ్చి కూర్చుంది. సగం థ్రెడ్‌లు రాజులు, ఒక థ్రెడ్ సన్యాసి అనే నాటకం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

ఇక జవాబు వినకపోవడం సంగతి. ఆండ్రాయిడ్‌లో ఏడీబీ డీమన్ (కంప్యూటర్ నుంచి వచ్చే ఆదేశాలు ఫోన్‌లో వెనకాల ఉండి వినే ప్రోగ్రామ్) రూట్‌గా మొదలై, సెట్‌యూఐడీతో షెల్ యూజర్‌గా మారేది. 2010లో ఒక ఎక్స్‌ప్లాయిట్ (లోపాన్ని వాడుకునే దాడి ప్రోగ్రామ్) ఏం చేసిందంటే, షెల్ యూజర్ పేరు మీద లిమిట్ నిండేదాకా ప్రాసెస్‌లు పుట్టించింది. తర్వాత డీమన్‌ని చంపేసింది. అది రూట్‌గా మళ్లీ లేచి సెట్‌యూఐడీ పిలిచింది. "లిమిట్ దాటింది, కుదరదు" అంది కెర్నల్. డీమన్ వినలేదు. రూట్‌గానే దర్జాగా పని మొదలుపెట్టింది. చివరికి 2011లో లైనక్స్ 3.1 ఆ సందర్భంలో సెట్‌యూఐడీని ఫెయిల్ చేయడమే మానేసి, ఎర్రర్‌ని ఎగ్జెక్ దాకా వాయిదా వేసింది. చూడండి, వినని ప్రోగ్రామర్ల కోసం కెర్నల్ తన నోరు కట్టుకుంది!

జీలిబ్‌సీ కూడా తన వంతు చేసింది. ఈ కాల్స్ ఇచ్చే ఫలితాన్ని పారేయకూడదని గుర్తు వేసింది. ఫోర్టిఫై అనే రక్షణ ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తే జీసీసీ కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది. కాల్ ముందు వాయిడ్ (ఫలితం అక్కర్లేదు) అని తగిలించినా ఆ వార్నింగ్ పోదు. దానికి మనవాళ్ల విరుగుడు ఏమిటో తెలుసా? సెట్‌జీఐడీ ఫెయిలైతే అని ఒక ఇఫ్ రాసి, బ్రాకెట్ల మధ్య ఏమీ రాయకుండా వదిలేయడం. వార్నింగ్ మాయం. బిల్డ్ పచ్చగా ఉంది.

ఇక్కడ నాకు నవ్వు రాదు. తెలియక చేసిన తప్పుకి ఒక మన్నింపు ఉంటుంది. ఇది తెలిసి చేసింది. కంపైలర్ చెయ్యి పట్టుకుని "అయ్యా, ఇది ఫెయిల్ కావచ్చు" అని చెప్తే, ఆ చెయ్యి విదిలించుకోవడానికి కష్టపడి రెండు లైన్లు టైప్ చేశారు. అదే రెండు లైన్లలో అబార్ట్ (ప్రోగ్రామ్ ఆపెయ్) అని రాయొచ్చు. అక్షరాలు కూడా పెద్దగా పెరగవు. ఆ సర్వర్‌లో జనం ఉత్తరాలుంటాయి, వైద్యుల రిపోర్టులుంటాయి, జీతాల లెక్కలుంటాయి. అవి బయటపడితే అనుభవించేది ఆ జనం. ఖాళీ బ్రాకెట్లు రాసిన వీరుడు అప్పటికి మూడో ఉద్యోగంలో సెక్యూరిటీ మీద ఉపన్యాసం ఇస్తుంటాడు. సిగ్గుండాలి.

పని చేసే పద్ధతి మాత్రం చాలా చిన్నది. ముందు సెట్‌గ్రూప్స్, తర్వాత సెట్‌జీఐడీ, ఆఖర్న సెట్‌యూఐడీ. ప్రతిదాని జవాబూ విని, కాదంటే అక్కడికక్కడే చచ్చిపోవాలి. అన్నీ అయ్యాక మళ్లీ రూట్ కావడానికి ఒకసారి సెట్‌యూఐడీ సున్నా (రూట్ నంబర్ అదే) పిలవాలి. భటులు మెడపట్టి గెంటేస్తే సన్యాసం సిద్ధించినట్టు. లోపలికి రానిచ్చారంటే ప్రోగ్రామ్ ఆపేయాలి.

ఆ లాగ్ ప్రోగ్రామ్ వాళ్లకి ఇదే మార్పు ప్యాచ్‌గా పంపాను. సెట్‌గ్రూప్స్ చేర్చి, వరుస సరిచేసి, ప్రతి కాల్‌కీ చెక్ పెట్టి. "దీనివల్ల యూజర్లకి కొత్తగా ఏం కనిపిస్తుంది?" అని అడిగారు. ఏమీ కనిపించదని రాశాను. నా ప్యాచ్‌ని మూసేశారు. కామెంట్‌లో చిన్న మార్పు మాత్రం చేశారు. ఇప్పుడది "ఇక్కడితో రూట్ హక్కులన్నీ సురక్షితంగా వదిలేస్తున్నాం" అని ఉంది.