పుల్లల మీద అట్టపెట్టె

విల్లా సవోయ్ అంటే ఆర్కిటెక్ట్ లె కార్బూజియె ఫ్రాన్సులో కట్టిన ఇల్లు. పిల్లాడికి బడి ప్రాజెక్టుగా అది పడిందంటే, ఫొటో చూడగానే ఏ తండ్రికైనా ఎక్కడలేని ధైర్యం వస్తుంది. తెల్లటి పెట్టె, కింద సన్నటి స్తంభాలు, నడుం చుట్టూ పటకాలా అడ్డంగా ఒక పొడవాటి కిటికీ. గోపురాల్లేవు, తోరణాల్లేవు, నగిషీల్లేవు. ‘‘ఓస్ ఇంతేనా! అట్టపెట్టెకి నాలుగు పుల్లలు గుచ్చితే సరి’’ అంటాడు. పక్క బెంచీ అమ్మాయికి తెరచాపల్లాంటి కప్పులున్న సిడ్నీ ఒపెరా హౌస్ పడిందని విని, పాపం ఆ నాన్న అని జాలిపడతాడు కూడా.

ఎనిమిదో తరగతి డైరీలో ఉండేది ఒక్క వాక్యం: ఆధునిక ఆర్కిటెక్ట్ ఒకరి గురించి చార్టు, ఆయన కట్టిన ఇంటి మోడల్, సోమవారానికల్లా.

మొదటి గండం పేరు దగ్గరే. లె కార్బూజియె అసలు పేరు షార్ల్ ఎద్వార్ జన్నరె. 1887లో స్విట్జర్లాండులో పుట్టాడు, 1920లో ఈ కొత్త పేరు తగిలించుకున్నాడు, 1930లో ఫ్రాన్సు పౌరుడయ్యాడు. చిక్కల్లా పియెర్ జన్నరెతో. ఆయన ఈయనకి చుట్టమూ, ఆఫీసులో భాగస్వామీ. ఈ ఇంటి డిజైన్లో ఆయన చెయ్యీ ఉంది, తర్వాత చండీగఢ్ కట్టడానికీ వచ్చాడు. పిల్లాడు ‘జన్నరె’ అని కొట్టి దొరికిన ఫొటో దింపుకుంటాడు. చార్టు మీద ఒకరి జీవితచరిత్ర పక్కన ఇంకొకరి మొహం వెలుస్తుంది. గుండ్రటి, దళసరి నల్ల ఫ్రేము కళ్లజోడు ఉందేమో చూసుకుంటే చాలావరకు గట్టెక్కొచ్చు.

రెండో గండం రంగు. ఇళ్లు వెతుకుతుంటే అచ్చం ఇలాగే ఉండి, కాకినలుపులో ఉన్న ఫొటో ఒకటి తగులుతుంది. అది ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఉంది. అక్కడి ఆదివాసుల అధ్యయన సంస్థ కోసం విల్లా సవోయ్‌ని కావాలనే నల్లగా అనుకరిస్తూ కట్టిన భవనం. అసలుది పారిస్ పక్కన ప్వాసీ ఊళ్లో, 1928-31 మధ్య లేచింది. ఇది తెలిసేసరికి పిల్లాడు రెండు గోడలకి నల్లరంగు పూసేసి ఉంటాడు.

ఇక కార్బూజియె అయిదు సూత్రాలు. ఇల్లు స్తంభాల మీద నిలబడాలి, లోపలి గోడలు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు, బయటి గోడ బరువు మొయ్యనక్కర్లేదు, కిటికీ అడ్డంగా సాగాలి, డాబా మీద తోట ఉండాలి. పిల్లాడు బట్టీ పడుతుంటే నాయనమ్మ మంచమ్మీంచే తీర్పిస్తుంది: ‘‘మన అపార్ట్‌మెంటూ స్తంభాల మీదే ఉంది కదరా, కింద కార్లు పెడుతున్నారు. డాబా మీద తులసికోట కూడా ఉంది. దీనికి ఫ్రాన్సు దాకా పోవాలా?’’ వందేళ్ల కిందట ఇది కొత్త సంగతని నచ్చజెప్పడం తండ్రి వల్ల కాదు.

అసలు కథ మోడల్‌ది. అంగుళం మందం థర్మాకోల్‌తో మొదలెట్టారంటే అప్పుడే మునిగినట్టు. 1:50 స్కేలులో, అంటే నిజం ఇంటిని యాభయ్యో వంతుకి కుదించినప్పుడు, అంగుళం అంటే నిజం ఇంట్లో 127 సెంటీమీటర్లు. నాలుగడుగుల మందం స్లాబు! అది విల్లా కాదు, బంకరు. 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (గట్టి ప్లాస్టిక్ నురుగు అట్ట) తీసుకుంటే 15 సెంటీమీటర్ల స్లాబు అవుతుంది, చూడటానికీ ఇల్లులా ఉంటుంది. బొమ్మ మనుషుల విషయమూ అంతే. ఆరడుగుల మనిషి ఇక్కడ సుమారు 3.7 సెంటీమీటర్లు దాటకూడదు. చెల్లి జానెడు బొమ్మని గుమ్మం ముందు నిలబెడితే ఆవిడ డాబా మీదికి తొంగిచూస్తుంది.

ఇంతకన్నా పెద్ద తప్పు కొలతల్లో జరుగుతుంది. ప్లాను ఒకచోట నుంచీ, నిలువు కోత బొమ్మ ఇంకోచోట నుంచీ దింపి, రెండూ కాగితానికి సరిపడా సాగదీసి ప్రింటు తీస్తారు. ఒక్కోటీ ఒక్కో స్కేలు. గోడలు అతుక్కుంటాయి గానీ నట్టింట్లో పైకెక్కే ర్యాంపు మాత్రం మొదటి అంతస్తుకి రెండు వేళ్ల కింద గాల్లో ఆగిపోతుంది. రెండు బొమ్మల్లోనూ కనబడే కొలత ఒకటుంది: స్తంభానికీ స్తంభానికీ మధ్య 4.75 మీటర్లు. 1:50లో తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. ముందు ఆ కొలత రెండు బొమ్మల్లోనూ ఒక్కటయ్యేలా సరిచేసి, తర్వాత మిగతావి కొయ్యాలి. అలాగని స్తంభాలన్నీ చదరంగం గళ్లలా లోపలికీ పాతెయ్యకూడదు. గోడో ర్యాంపో అడ్డొచ్చిన చోట కార్బూజియె వాటిని మొహమాటం లేకుండా పక్కకి జరిపేశాడు.

స్తంభాలకి అగరుబత్తి పుల్లలు పనికిరావు, వంగిపోతాయి. కబాబు పుల్లలు మేలు. కొసకి జిగురు రాసి స్లాబుకి ఆనిస్తే ఆటో ఎక్కేదాకానే నిలబడతాయి. మొదటి స్పీడ్‌బ్రేకర్‌కి ఇల్లు ఒక పక్కకి వాలి, గేదె కూచున్నట్టు కూచుంటుంది. పైన స్లాబుకీ, కింద పునాది అట్టకీ బొక్కలు పెట్టి, పుల్ల రెండింట్లోనూ దూరేలా దింపి అప్పుడు జిగురు పెట్టాలి. పునాదికి మాత్రం థర్మాకోల్ భేషుగ్గా ఉంటుంది. దాని మీద స్ప్రే పెయింట్ కొట్టకూడదంతే. అందులోని ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుంది. పచ్చిక బయలు అనుకున్నది కళ్లముందే చంద్రమండలమవుతుంది. ‘‘ఏమండీ, ఈ వాసనేంటి?’’ అని వంటింట్లోంచి అడిగేసరికి మూడు గుంటలు పడి ఉంటాయి. పాత బ్రష్షూ నీళ్లలో కలిసే రంగూ ఇంతకన్నా ఎన్నో రెట్లు నయం.

ఆఖరి దెబ్బ నాయనమ్మ కొడుతుంది. డాబా తోటలో పిల్లాడు రెండు నిజం తులసి రెమ్మలు గుచ్చితే, వాడిపోతున్నాయే అని అర్ధరాత్రి చెంబుడు నీళ్లు పోస్తుంది. తెల్లారేసరికి కింది అట్ట ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. పిల్లాడి ఏడుపు ఆపడానికి తండ్రి చెప్పే మాట కల్పన కాదు, చరిత్రే. అసలు ఇల్లూ ఇలాగే కారింది. హాల్లో వాన, ర్యాంపు మీద వాన, గరాజు గోడ తడిసి ముద్ద అంటూ ఇంటావిడ మదాం సవోయ్ ఆర్కిటెక్టుకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఇల్లంటే నివసించే యంత్రం అన్నాడు కదా ఆయన, ఆ మాట చార్టులో ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని చదువుతుంది. ‘‘యంత్రమైతే సర్వీసింగుకి ఎవరూ రాలేదా? డాబాకి వాటం ఇచ్చాడో లేదో ఆ మేస్త్రి!’’

ఎలాగో ఇస్త్రీపెట్టెతో అట్ట ఆరబెట్టి బడికి చేరుస్తారు. నల్ల గోడలు రెండూ చార్టు వైపు తిప్పి పెడతారు. టీచర్ ‘గుడ్’ అని రాసి స్టాఫ్ రూమ్ బీరువా మీదికి ఎక్కిస్తుంది. 1958లో ప్వాసీ ఊరివాళ్లు కూడా బడి కట్టుకోవడానికి ఈ ఇంటిని కూలగొడదామని స్థలం స్వాధీనం చేసుకున్నారు. లోకమంతా గోల పెట్టడంతో ఆగి, బడిని పక్కన కట్టుకున్నారు. 1965లో ఇల్లు చారిత్రక కట్టడమైంది, 2016లో యునెస్కో జాబితాకీ ఎక్కింది. బీరువా మీది ఇంటి కోసం గోల పెట్టేవాళ్లెవరూ లేరు. వచ్చేవారం సైన్స్ ఫెయిర్, ఏడో తరగతి అగ్నిపర్వతానికి చోటు కావాలట.