అట్లాంటాలో కెంటకీదే పైచేయి

రేపు, 2024 నవంబర్ 12 మంగళవారం రాత్రి, అట్లాంటాలోని స్టేట్ ఫార్మ్ ఎరీనాలో డ్యూక్ విశ్వవిద్యాలయంతో బాస్కెట్‌బాల్ ఆట మొదలవగానే కెంటకీ విశ్వవిద్యాలయపు సెంటర్ అమారీ విలియమ్స్ ఎక్కడ నిలబడుతున్నాడో గమనించండి. ఏడడుగుల మనిషి బాస్కెట్ కిందే ఉండాలన్నది ఈ ఆటలో పాత ఆనవాయితీ. విలియమ్స్ మాత్రం బాస్కెట్‌కు ఎదురుగా, మూడు పాయింట్ల గీత దాకా వచ్చి, బంతిని రెండు చేతులా పైకెత్తి పట్టుకొని నిలబడతాడు. మిగిలిన నలుగురూ కోర్టు అంచులకు విస్తరిస్తారు. అతడి సహచరుడు ఒటేగా ఒవేను కాచుకున్న ఆటగాడు ఒక్క క్షణం బంతి వైపు తల తిప్పితే చాలు, ఒవే అతడి వెనక నుంచి లోపలికి దూసుకుపోతాడు, బంతి నేలను ఒకసారి తాకి నేరుగా అతడి చేతిలో పడుతుంది. సొంత కోర్టులో ఆడిన రెండు ఆటల్లో రైట్ స్టేట్ మీద 103–62తోనూ, బక్నెల్ మీద 100–72తోనూ కెంటకీ గెలిచింది. పేరున్న కళాశాల జట్లు ఏటా తలపడే ఛాంపియన్స్ క్లాసిక్‌లో రేపు కూడా ఆ జట్టే గెలుస్తుందని నా గట్టి నమ్మకం.

గత ఏప్రిల్‌లో జరిగినదంతా పాఠకులకు తెలిసినదే. పదిహేను సీజన్ల తరవాత జాన్ కాలిపారి ఆర్కన్సాకు వెళ్లిపోయారు, ఆయన స్థానంలో కోచ్‌గా 1996 కెంటకీ ఛాంపియన్ జట్టు కెప్టెన్ మార్క్ పోప్ వచ్చారు, పాత జట్టులోని స్కాలర్‌షిప్ ఆటగాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. కళాశాల మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా తలా ఒక దిక్కునుంచి తెచ్చి కూర్చిన ఈ జట్టును చాలామంది అతుకుల బొంత అన్నారు. ర్యాంకుల్లోనూ డ్యూక్ 6వ స్థానంలో, కెంటకీ 19వ స్థానంలో ఉన్నాయి. ఆ బొంతలోని ఒక్కొక్క గుడ్డ ఎక్కడిదో ఈ విమర్శకులు చూడలేదని నా అభిప్రాయం.

లమాంట్ బట్లర్ సంగతి తీసుకోండి. 2023లో జాతీయ టోర్నీ సెమీఫైనల్స్ అయిన ఫైనల్ ఫోర్‌లో అతడి అప్పటి జట్టు శాండియేగో స్టేట్ ఒక్క పాయింట్ వెనకబడి ఉండగా, గడియారం సున్నాకు చేరుతుండగా, అతడు వేసిన షాట్‌తో ఆ జట్టు 72–71తో ఫ్లోరిడా అట్లాంటిక్‌ను ఓడించి ఫైనల్ చేరింది. కోబీ బ్రే గత సీజన్‌లో డేటన్ తరఫున మూడు పాయింట్ల షాట్లలో 49.8 శాతం వేసి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచాడు. విలియమ్స్ డ్రెక్సెల్‌లో ఉండగా మూడుసార్లు తన కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము ఆడుకునే కళాశాలల కూటమిలో, ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. ఆన్స్లీ ఆల్మనోర్ 2023లో పర్డ్యూను మట్టికరిపించిన ఫెయిర్లీ డికిన్సన్ జట్టులో ఆడినవాడు. ఇక జాక్సన్ రాబిన్సన్ బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం నుంచి, అక్కడ కోచ్‌గా ఉన్న పోప్ వెంటే నడిచి వచ్చాడు. కనుక కోచ్ ఏమడుగుతారో అతడికి ఒకరు చెప్పనక్కరలేదు. మొదటి ఐదుగురిలో బట్లర్, రాబిన్సన్, ఆండ్రూ కార్, విలియమ్స్, ఈ నలుగురికీ ఇది కళాశాల ఆటలో ఐదో సంవత్సరం. ఎదుట డ్యూక్ మొదటి ఐదుగురిలో ముగ్గురు కూపర్ ఫ్లాగ్, కాన్ నూపెల్, కమాన్ మలువాచ్. ముగ్గురికీ ఇదే మొదటి ఏడు, కళాశాల ఆటలో ఈ స్థాయి ప్రత్యర్థితో ఇదే మొదటి ఆట.

డ్యూక్ బలమంతా పొడవులో ఉంది. 7 అడుగుల 2 అంగుళాల మలువాచ్ బాస్కెట్ ముందు నిలబడితే లోపలికి వచ్చే ఎవరికైనా చేతులు వణుకుతాయి. అతడు అక్కడ నిలబడగలిగితేనే కదా! విలియమ్స్ పైకి వచ్చి బంతి పట్టుకుంటే మలువాచ్ ముందు రెండే దారులుంటాయి. అతడి వెంట పైకి వస్తే బాస్కెట్ ముందు స్థలం ఖాళీ అవుతుంది, ఆ ఖాళీలోకే ఒవే, బట్లర్ దూసుకుపోతారు. రాకుండా లోపలే ఉండిపోతే, విలియమ్స్ పక్కనుంచి వచ్చే బ్రేకో రాబిన్సన్‌కో బంతి చేతికిచ్చి తన శరీరాన్నే అడ్డుగోడగా పెడతాడు, గీత అవతల ఎవరూ అడ్డులేని షాట్ దొరుకుతుంది. బ్రిగమ్ యంగ్‌లో పోప్ జట్టు గత సీజన్‌లో ఆటకు సగటున 30కి పైగా మూడు పాయింట్ల షాట్లకు ప్రయత్నించింది, కాన్సస్‌ను దాని సొంత కోర్టులోనే ఓడించింది. ఇప్పుడు అదే పద్ధతిని అంతకన్నా మెరుగైన చేతుల్లో పెట్టారు. మలువాచ్ గొప్ప ఆటగాడు అవుతాడు, అందులో నాకు సందేహం లేదు. అయితే క్షణంలో సగంలో తీసుకోవలసిన ఈ నిర్ణయం అలవాటు మీద ఆధారపడిన విద్య, దానికి ఆటలు కావాలి. అతడు ఇప్పటికి డ్యూక్ తరఫున ఆడినవి రెండే.

ఫ్లాగ్ మాట ఏమిటని అడిగేవారున్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంకా పద్దెనిమిది నిండని ఈ మెయిన్ రాష్ట్రపు కుర్రవాడు షాట్ వేయగలడు, పాస్ ఇవ్వగలడు, ఎదుటివాడి షాట్‌ను వెనకనుంచి వచ్చి కొట్టిపారేయగలడు. వచ్చే ఏడాది, ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతడిదేనన్న అంచనాతో నేనూ ఏకీభవిస్తాను. 2018లో ఇదే ఛాంపియన్స్ క్లాసిక్‌లో జయాన్ విలియమ్సన్, ఆర్.జె. బారెట్‌ల డ్యూక్ కెంటకీని 118–84తో చిత్తుచేసిన సంగతి గుర్తుచేసేవారూ ఉంటారు. అయితే ఆనాటి కెంటకీ జట్టు కూడా ఎక్కువగా మొదటి ఏడాది పిల్లలదే. ప్రతిభకు ప్రతిభ ఎదురుపడినప్పుడు ఎక్కువ ప్రతిభ గెలిచింది. రేపు అట్లాంటాలో జరిగే పోటీ ఆ రకానిది కాదు.

ప్రతిభను అనుభవం ఓడించగలదన్న పాఠం కెంటకీ నేర్చుకున్నది ఓక్లండ్ విశ్వవిద్యాలయం చేతిలో. గత మార్చిలో జాతీయ టోర్నీలో 80–76తో ఓడిన రాత్రి కెంటకీ జట్టులో రీడ్ షెపర్డ్, రాబ్ డిలింగ్‌హామ్ ఉన్నారు. మూడు నెలల తరవాత డ్రాఫ్ట్‌లో వారు 3, 8 స్థానాల్లో ఎంపికయ్యారు. ఆ ఇద్దరూ ఉన్న జట్టును ఓడించింది రెండో డివిజన్ నుంచి వచ్చిన 24 ఏళ్ల జాక్ గోల్కీ వేసిన పది మూడు పాయింట్ల షాట్లు. కెంటకీ జట్టు ఊరైన లెక్సింగ్టన్‌లో ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్రపట్టలేదు. ఏప్రిల్ 14న పోప్ తన పాత సహచరులతో బస్సులో వచ్చి, 1996 ట్రోఫీ చేతబట్టుకొని దిగినప్పుడు, కిక్కిరిసిన కెంటకీ సొంత కోర్టు రప్ ఎరీనా పైవరసలో నేనూ ఉన్నాను. నా ముందు కూర్చున్న ముసలాయన చప్పట్లు కొట్టడం మానేసి రెండు చేతులతో ముఖం కప్పుకొన్నాడు. ఆట ఆడించే కోచ్ కావాలని ఎన్నేళ్లుగా ఎదురుచూశారో ఆ మనిషిని చూస్తే తెలిసింది.

పోర్టల్ కళాశాల ఆటను నాశనం చేసిందన్న వాదన నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. 1992లో డ్యూక్ ఆటగాడు క్రిస్టియన్ లేట్నర్ ఆఖరి షాట్‌కు 104–103తో ఓడిన జట్టులోని నలుగురు సీనియర్లను కెంటకీ నేటికీ గుండెల్లో పెట్టుకుందని, కష్టకాలంలోనూ విడిచిపోనందుకే ఆ ప్రేమ అని వాదిస్తారు. నిజమే, అయితే ఉండిపోవడానికి విలువ వచ్చేది వెళ్లిపోయే స్వేచ్ఛ ఉన్నప్పుడే. పోప్ కూడా కళాశాల మారినవారే. రెండేళ్లు వాషింగ్టన్‌లో ఆడి కెంటకీకి వచ్చారు, ఆనాటి నియమం ప్రకారం ఒక ఏడాదంతా ఆడకుండా కూర్చోవలసి వచ్చింది. కోచ్‌లు కోట్ల డాలర్ల ఒప్పందాలు వదిలి మరునాడే మరో ఊరికి పోవచ్చు, ఇరవై ఏళ్ల కుర్రవాడు మాత్రం ఏడాది శిక్ష అనుభవించాలి. ఈ అన్యాయం 2021లో సగం తొలగింది, 2024 ఏప్రిల్‌లో దాదాపు పూర్తిగా తొలగింది. అదే 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకునే హక్కు కూడా వచ్చింది.

ఆ హక్కు ఇంకా అందరిదీ కాలేదు. గుంటూరు నుంచో వరంగల్ నుంచో ఎం.ఎస్. చదవడానికి ఇక్కడికి వచ్చిన మన పిల్లలకు ఎఫ్‌-1 వీసా అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే పని, అదీ వారానికి 20 గంటలే, గీత దాటితే వీసాకే ముప్పు. అదే గీత విద్యార్థి వీసా మీద వచ్చే ఆటగాడి ముందూ ఉంది. 2022లో దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా నిలిచిన కాంగో యువకుడు ఆస్కార్ షీబ్వే, ఆ ఆగస్టులో కెంటకీ జట్టు బహమాస్ వెళ్లినప్పుడు, అమెరికా గడ్డ దాటాక గాని తన ప్రకటనల పని చేసుకోలేకపోయాడు. రేపు కోర్టులో దిగేవారిలో నాటింగ్‌హామ్ నుంచి వచ్చిన విలియమ్స్, ఎస్తోనియా వాడైన కెర్ క్రీసా, దక్షిణ సూడాన్ బిడ్డ మలువాచ్ ఉన్నారు. పక్కవాడితో సమానంగా చెమటోడ్చే ఇటువంటి ఆటగాళ్లకు పక్కవాడి హక్కు దక్కకపోవడం సరిదిద్దవలసిన తప్పు, దాన్ని సరిదిద్దాలని విశ్వవిద్యాలయాలే గట్టిగా అడగాలి.

ఆట విషయానికి వస్తే, మొదటి సగంలో డ్యూక్ ముందుంటుందని నా అంచనా. ఫ్లాగ్ ఎత్తు, మలువాచ్ చేతుల పొడవు అలవాటుపడేసరికి కెంటకీకి కొంత సమయం పడుతుంది. ఆరేడు పాయింట్లు వెనకబడితే లెక్సింగ్టన్ కంగారుపడనక్కరలేదు. రెండో సగంలో పదో నిమిషం దాటాక, పదే పదే బాస్కెట్ వైపు దూసుకుపోయేవాడి వెంట పరుగెత్తి అలసిన డ్యూక్ పిల్లలు ఒక అడుగు ఆలస్యమవుతారు, కోబీ బ్రేకి ఆ ఒక్క అడుగు చాలు. చివరి నిమిషంలో తేడా రెండు మూడు పాయింట్లకు తగ్గితే డ్యూక్ బంతిని ఫ్లాగ్ చేతికే ఇస్తుంది, అతడు గీత దగ్గర నుంచి డ్రిబుల్ చేస్తూ లోపలికి వస్తాడు. అప్పుడు బట్లర్ పక్కనుంచి బంతి మీద చెయ్యి వేయడానికి కాచుకొని ఉంటాడు.