ఫైబర్ తెగిన దూరం యంత్రం చెబుతుంది, వీధి ఎవరు చెప్పాలి?

విజయవాడ ఏలూరు రోడ్డులోనో గుంటూరు బ్రాడీపేటలోనో పైపుల పనికి జేసీబీ దిగిందంటే ఆ పూట నెట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఫోన్ చేస్తే ‘ఫైబర్ కట్ అండీ, మావాళ్లు చూస్తున్నారు’ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. చాలాచోట్ల నిజంగానే స్తంభం స్తంభం చూసుకుంటూ పోతున్నారు.

ఈ తిప్పలు తప్పించే ఏర్పాటు ఉంది. ఎక్స్ఛేంజీలో పెట్టిన ఓటీడీఆర్ అనే కొలత యంత్రం ఫైబర్‌లోకి కాంతి పల్స్ పంపి, చెదిరి వెనక్కొచ్చే వెలుతురుకు ఎంతసేపు పట్టిందో కొలుస్తుంది. మీటరు దూరం పోయి రావడానికి సుమారు 10 నానోసెకన్లు. ఆప్టికల్ స్విచ్ తగిలిస్తే ఒక్క యంత్రమే పదుల కొద్దీ ఫైబర్లను వంతులవారీగా కాపు కాస్తుంది. పరీక్షకు 1625 లేదా 1650 నానోమీటర్ల కాంతి వాడి, ఫిల్టర్లు పెడితే నడుస్తున్న డేటాకు అడ్డురాదు. పైగా కేబుల్ మెలిపడితే ఆ నష్టం 1310 నానోమీటర్ల కాంతి కన్నా 1625 దగ్గర బాగా కనిపిస్తుంది. ఎవరో తీగను బిగించి కట్టిన సంగతి, అది పూర్తిగా చెడకముందే తెలుస్తుందన్నమాట. కట్‌ను పట్టుకోవడం కన్నా నా దృష్టిలో ఇదే పెద్ద లాభం.

చిక్కల్లా దూరం దగ్గరే. యంత్రం చెప్పేది ఫైబర్ పొడవు, రోడ్డు పొడవు కాదు. మన దగ్గర కేబుల్ చాలావరకు స్తంభాల మీదే. ఏపీ ఫైబర్‌నెట్ కూడా ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. రిపేరుకు పనికొస్తుందని అక్కడక్కడా చుట్టలు చుట్టి వేలాడదీస్తారు. చుట్టకు 20 మీటర్ల చొప్పున పది చుట్టలుంటే లెక్క 200 మీటర్లు తప్పుతుంది. అది చాలదన్నట్టు, యంత్రంలో వక్రీభవన గుణకం (ఫైబర్‌లో కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.468 పెట్టాల్సిన చోట 1.458 పెడితే 12 కిలోమీటర్లకు మరో 80 మీటర్ల తేడా. లైన్‌మన్ పక్క వీధిలో నిచ్చెన వేస్తాడు.

అందుకే యంత్రం కొనడం కన్నా మ్యాపు సరిచూసుకోవడం ముఖ్యమంటాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పటి లాంటి రోజుల్లో హడావిడిగా వేసే జాయింట్లు రికార్డుకెక్కడం అరుదు. కొత్త జాయింట్ ఎక్కడ, చుట్ట ఎంత, తాజా ట్రేస్ (యంత్రం గీసిన గ్రాఫు) ఏది అన్నవి అప్పగించేదాకా కాంట్రాక్టరు బిల్లు ఆపాలి. కటువుగా ఉన్నా వేరే దారి కనపడదు.

ఇళ్లకు వెళ్లే లైన్ల సంగతి వేరు. ఒక ఫైబర్‌ను 32 పాయలుగా చీల్చే 1:32 స్ప్లిటర్ దాటాక అన్ని ఇళ్ల ప్రతిధ్వనులూ కలగలిసిపోతాయి; ఏ ఇంటిదో తేల్చాలంటే ప్రతి చివరా రిఫ్లెక్టర్ పెట్టాలి, ఖర్చు. చిన్న కేబుల్ ఆపరేటర్లకు అంత అక్కర్లేదు. మెయిన్ కేబుల్‌లో ఖాళీగా ఉన్న ఒక పోగు, అంటే ఒక కోర్‌ మీద నిఘా పెట్టినా చాలు. వేరే కోర్ ఒక్కటే విరిగితే దొరక్కపోవచ్చు గానీ, జేసీబీ దెబ్బకు కేబుల్ మొత్తం పోతే తప్పించుకోదు.