తాళం వేయించింది ఎవరు?

ఈ వారంలో ఈ వాట్సాప్ ఫార్వర్డ్ రావడం ఇది మూడోసారి. మొన్న పాత ఆఫీసు గ్రూపు, నిన్న పక్కింటి ఆంటీ, పొద్దున్నే మా బాబాయ్. ‘దంగల్: అక్షరాలా జరిగిన కథ! నాలుగు నిజాలు’ అట. చివర దండాల బొమ్మలు అరడజను. కుస్తీ యోధురాలు గీతా ఫోగట్, ఆమెకు కుస్తీ నేర్పిన తండ్రి మహావీర్‌ల మీద తీసిన హిందీ సినిమా గురించి.

కూతుళ్లు మగపిల్లల్ని చితక్కొట్టిన రోజే వాళ్లకు కుస్తీ నేర్పాలన్న ఆలోచన మహావీర్‌కు తట్టిందట. ఆయన గురువు చాంద్‌గీరామ్ అప్పటికే సొంత కూతుళ్లను కుస్తీలోకి దింపారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో గెలిచిన కాంస్యం కూడా మహావీర్‌ను కదిలించింది. తెలుగువాళ్లమై ఉండి ఆ ముక్కే వదిలేశాం.

2010 కామన్వెల్త్ మహిళల కుస్తీలో మనకు స్వర్ణం తెచ్చింది గీత ఒక్కతేనట. అల్కా తోమర్, అనిత కూడా తెచ్చారు. మొదటిది గీతది, అంతే.

ఫైనల్ చివరి సెకన్లలో ఐదు పాయింట్ల పట్టుతో గెలిచిందట. రెండు రౌండ్లలో అసలు స్కోరు 1-0, 7-0. ఆస్ట్రేలియా అమ్మాయి ఎమిలీ బెన్‌స్టెడ్‌కు ఒక్క పాయింటూ రాలేదు. అప్పట్లో ఆరు పాయింట్ల తేడా వస్తే రౌండ్ అక్కడికక్కడే ఆపేసేవారు. ఇక చివరి సెకను టెన్షన్ ఎక్కడిది? ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఒక్క పట్టుకు ఐదు పాయింట్లేంటని థియేటర్లో నేనూ నవ్వాను. తర్వాత రూల్ చూసి నోరు మూసుకున్నాను. గాల్లోకి లేపి తిప్పి పడేస్తే నిజంగానే ఐదు, అప్పట్లో ఆ రౌండూ వాళ్లదే.

ఇక నాలుగోది. ఫైనల్ జరుగుతుంటే జాతీయ కోచ్ అసూయతో తండ్రిని గదిలో పెట్టి తాళం వేయించాడట. ‘ఇలాంటి ద్రోహులుంటే దేశం ఏం బాగుపడుతుంది’ అని కింద వ్యాఖ్య కూడాను. సినిమాలో ఆ కోచ్ పేరు ప్రమోద్ కదమ్. అలాంటి మనిషి లేడు. కానీ అప్పటి కోచ్ ప్యారారామ్ సోంధీ ఉన్నారు. ఆ తాళం సంగతి జరగనే లేదని సినిమా వచ్చాక పాపం మీడియా ముందు ఆయనే చెప్పుకోవాల్సొచ్చింది. పేరు మార్చారుగా అంటారా? గీత పేరు అసలుది, తండ్రి పేరు అసలుది, ఊరు, ఏడాది, పోటీ అన్నీ అసలువే. విలన్ పేరొక్కటే మార్చారు. ఎంత మర్యాదో! ఆధార్ నంబరు కూడా వేసుంటే సరిపోయేది. 7-0 మ్యాచ్‌లో గుండె దడ పుట్టదు కదా, అందుకే ఆ గది కావాల్సొచ్చింది, తాళం కావాల్సొచ్చింది. మూల్యం మాత్రం ఇంకెవరో కట్టారు.

ఇదంతా టైప్ చేసి బాబాయ్‌కి పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి. పది నిమిషాలకు జవాబొచ్చింది: ‘నిజమేరా. అయినా ఆ కోచ్ మొహం చూస్తేనే తెలిసిపోతుంది, దుర్మార్గుడని.’