బాక్సు దించుటయే ధర్మం

పాత పికప్పుల్లో స్టీరింగు పక్కన ఉండే గేరు రాడ్డు మొరాయిస్తే ఏం చెయ్యాలో మన జిల్లాల్లో ఏనాడో తేల్చేశారు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఏ షెడ్డుకు తోలినా తీర్పు ఒక్కటే: "బాక్సు దించాల," అంటే గేరుబాక్సు మొత్తం ఊడదీయాల్సిందే. బానెట్టు ఎత్తకముందే, ఒక్కోసారి బండి పూర్తిగా ఆగకముందే వెలువడే తీర్పు ఇది. ఇంతటి సత్వర న్యాయం కోర్టుల్లోనూ దొరకదు. అలాంటి వ్యవస్థను కూలదోయడానికి కొందరు మెకానిక్కులు బయలుదేరారు. వాళ్లు ముందు చూస్తారట, ఆ తర్వాతే దించుతారట! వీళ్ల ఆగడాలు ప్రజలకు తెలియాలి.

మొదటి ఆగడం, ఇంజను ఆపి గేర్లు వేసి చూడటం. పళ్లు కలవక ఏదైనా పడకపోతే బండిని జానెడు ముందుకు నెట్టి మళ్లీ వేస్తారు. ఆపిన బండిలో అన్నీ మెత్తగా పడి, స్టార్టు చేశాక మాత్రం, అందులోనూ రివర్సుకి, గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థమట. కేబులు బండైతే కేబులు సరిచేస్తారు, ఆయిల్ క్లచ్ అయితే లీకు చూసి, ఆయిల్ పైపులో చేరిన గాలి తీస్తారు. పొదలకూరు నిమ్మకాయల లోడు గంటలో కదిలిపోతుంది. మరి షెడ్డు ఎదురుగా ఉన్న టీ కొట్టు గతేంటి?

రెండోది ఇద్దరు కలిసి చేసే కుట్ర. ఒకడు సీట్లో కూర్చుని రాడ్డు ఆడిస్తాడు. ఇంకొకడు బానెట్టు కింద తల పెట్టి, స్టీరింగు కాలం (స్టీరింగు కిందికి దిగే గొట్టం) అడుగున ఉన్న లివర్లను చూస్తాడు. నాలుగు గేర్ల అంబాసిడర్ తరహాలో ఒక లింకు (రాడ్డు కదలికను బాక్సుకు చేర్చే కమ్మీ) ఏ వరస గేర్లో ఎంచుతుంది, ఇంకొకటి గేరు వేస్తుంది. మూడు గేర్ల బండిలో ఫస్టుకీ రివర్సుకీ ఒక లివరు, మిగతా రెండింటికీ ఇంకోటి. జబ్బు పడ్డ బండిలో పైన రాడ్డు బెత్తెడు కదిలినా కింద లివరు ఉలకదు. ఆ కదలిక ఎక్కడ చచ్చిపోతోందో వరసగా వెతుకుతారు: పై పిన్ను, కాలం అడుగు బుష్షు (పిన్ను చుట్టూ ఉండే చిన్న గొట్టం), లింకు చివర, బాక్సు మీది లివరు. డాష్‌బోర్డు కింద కాలం క్లాంపు వదులైనా ఇదే జబ్బు, గేరు వేసినప్పుడల్లా కాలమే ఊగుతుంది.

దొరికేది ఎక్కువగా బుష్షే. అది అరిగిపోయి, లింకు కన్ను గుండ్రం తప్పి కోడిగుడ్డులా సాగి ఉంటుంది. స్ప్లిట్ పిన్ ఉండాల్సిన చోట రాగి తీగ, వాషరు స్థానంలో సైకిల్ ట్యూబు ముక్క: ఇవి పాత వైద్యుల సంతకాలు. రొయ్యల చెరువుల మీద తిరిగే బండికి ఉప్పుగాలి, చీమకుర్తి వైపు తిరిగేదానికి గ్రానైటు పొడి తోడైతే గ్రీజు కూడా బుష్షును కాపాడదు, ఆ పొడిని పట్టుకుని తానే అరగదీస్తుంది. అందుకని కిరసనాయిలుతో కడిగి, కొత్త బుష్షు, వాషరు, స్ప్లిట్ పిన్ వేసి గ్రీజు పెడతారు. సాగిన కన్నును వెల్డింగుతో నింపి మళ్లీ తొలిపిస్తారు.

అసలు ద్రోహం మూడోది. బాక్సు దగ్గర లింకులు ఊడదీసి, బాక్సు మీది లివర్లను చేత్తోనే కదుపుతారు. ప్రతి గేరూ టక్కుమని పడిందంటే బాక్సు నిర్దోషి. అయిదు నిమిషాల పని. దీని వల్ల ఎన్ని షెడ్ల నెలసరి ఆదాయం కుప్పకూలుతుందో ఎవరైనా ఆలోచించారా?

తిరిగి బిగించేటప్పుడూ కుదురుండదు. పైన రాడ్డు, కింద బాక్సు రెండూ న్యూట్రల్లో పెట్టి, లింకు మరను అరచుట్టు చొప్పున తిప్పుతూ, పిన్ను బలవంతం లేకుండా దానంతటది దూరేదాకా సరిచేసి అప్పుడు లాక్ నట్టు బిగిస్తారు. సుత్తి వాడరు. సుత్తి లేని మెకానిక్కును నమ్మేదెట్టా?

మూడు గేర్ల బండి నడిరోడ్డున ఇరుక్కుంటే ఇంజను ఆపి, బానెట్టులో చెయ్యి పెట్టి రెండు లివర్లనూ న్యూట్రల్ వరసకు తెస్తారు, అంతే. యాక్సిలరేటరు వదిలినప్పుడల్లా గేరు జారిపోతుంటే ఇంజను మౌంటింగు రబ్బర్లు చూస్తారు. హ్యాండ్‌బ్రేకు లాగి, బండి ముందు ఎవరూ లేకుండా చూసి, గేర్లో క్లచ్ కొంచెం వదిలితే తెగిన రబ్బరున్న వైపు ఇంజను లేస్తుంది. ఇంజను లేస్తే దాంతోపాటు బాక్సూ కదిలి లింకును లాగుతుంది.

ఇవన్నీ బాగుండి, చేత్తో కదిపినా టక్కుమనకపోతే బాక్సులో గేరును పట్టి ఉంచే గోలీ స్ప్రింగో, గేరును జరిపే ఫోర్కో పోయిందని ఒప్పుకుంటారు. ఆయిల్ దించి ఇనుప ముక్కలేమైనా వచ్చాయేమో చూసి, అప్పుడు బాక్సు దించుతారు. దానికి కూడా ఆత్రం లేదు. లాక్ నట్టు బయట ఎన్ని మరలు కనబడుతున్నాయో ముందే లెక్కపెట్టి పలక మీద రాసుకుంటారు. మార్కాపురం పలకలు ఇలాంటి పనులకు అమ్మకుండా ప్రభుత్వం వెంటనే జీవో తేవాలి.