ధనుష్కోడి రైలు మీద ఆ మెసేజ్ ఇక ఆపండి

మా వీధిలో ఎవరైనా తిరుపతి-రామేశ్వరం ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీసుకున్నామంటే చాలు, గ్రూపులో అదే మెసేజ్ వచ్చి పడుతుంది: ‘ధనుష్కోడి స్టేషన్‌ను సముద్రం ఎందుకు మింగేసింది? పదిమందికీ పంపండి’. ఈ వారంలో నాకిది నాలుగోసారి. ధనుష్కోడి అంటే రామేశ్వరం దీవి కొసన ఉన్న ఊరు.

‘2004 సునామీలో మునిగింది’ అట. కాదు, 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి తుపానుకు పోయింది. మెసేజ్‌తో వచ్చే ఫోటోలోని మొండిగోడలు చర్చివి, స్టేషన్‌వి కావు.

‘పాంబన్ వంతెన మాత్రం చెక్కుచెదరలేదు, అది మహిమ’ అట. రామేశ్వరం దీవికి రైలు వెళ్లే ఆ వంతెన గర్డర్లు చాలావరకు సముద్రంలో పడిపోయాయి. శ్రీధరన్ అనే కుర్ర ఇంజనీరు ముందుండి 46 రోజుల్లో దాన్ని మళ్లీ నిలబెట్టించారు. ఆ చెమటకు విలువ లేదా?

నాకు ఒళ్లు మండేది ఈ మాటకు: ‘సేతువు మీద పట్టాలు వేశారు, శాపం తగిలి రైలు మునిగింది.’ సేతువు మీదికి పట్టాలు ఎప్పుడు వెళ్లాయండీ? ధనుష్కోడి రేవు దగ్గరే ఆగిపోయాయి. అక్కడ స్టీమరెక్కి శ్రీలంకలోని తలైమన్నార్ వెళ్లేవాళ్లు. ఆ రాత్రి పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజర్‌లో నూరుమందికి పైనే ఉన్నారు. స్టేషన్ దగ్గరికొచ్చాక సిగ్నల్ పడలేదు. చీకటి, హోరుగాలి. కాసేపాగి బండి కదిలింది. అంతలో పెద్ద అల వచ్చి పెట్టెలన్నీ ముంచేసింది. ఒక్కరూ మిగల్లేదు. శాపమంటున్నారు కదా, వాళ్లు చేసిన పాపమేమిటో కూడా రాయండి మరి! 1977లో దివిసీమ ఉప్పెనకు వేలమంది పోయారు. వాళ్ల ఇళ్లకెళ్లి ఈ మాట అనగలరా?

మొన్న మా ఎదురింటి పెద్దమ్మ, పెదనాన్న తర్పణానికని నువ్వులు, దర్భలు సంచిలో సర్దుకుని కూడా, ఫోన్ నా చేతిలో పెట్టి, ‘అక్కడికి పోతే మా పిల్లోళ్లకేమన్నా తగుల్తుందా నాయనా?’ అని అడిగింది. మీరు ఒక్క వేలితో పంపేది ఇలా ఇళ్లలోకొస్తోంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ‘ఒకే టికెట్‌తో మద్రాసు నుంచి కొలంబో’ అన్నది కోతలనుకునేవాణ్ణి. నిజమే. ఎగ్మోర్‌లో బోట్ మెయిల్ ఎక్కితే, మధ్యలో స్టీమరు, అవతల ఒడ్డున మళ్లీ రైలు.

పెద్దమ్మకు చెప్పాను: రైలు ఇప్పుడు రామేశ్వరం దాకే, ధనుష్కోడికి రోడ్డుంది, బస్సులో వెళ్లి చీకటి పడకముందే వచ్చేయండి అని. సంచి మళ్లీ సర్దుకుంది.