హైలియా లింక్‌ను ఆడించలేదు, వాడుకుంది
జెల్డా వీడియో గేముల్లో ఒకటైన స్కైవార్డ్ స్వోర్డ్‌లో హైలియా దేవత వీరుడు లింక్ మనసులో దూరి అతన్ని కీలుబొమ్మలా ఆడించిందని ఒక వ్యాసంలో చేసిన వాదన నాకు మింగుడుపడలేదు. మా కోనసీమలో జాతరప్పుడు గరగ (అమ్మవారి కలశం) ఎత్తుకున్న మనిషికి పూనకం వస్తే కళ్ళు తేలేస్తాడు, పసుపునీళ్ళు చల్లి వేపమండలతో విసిరాక తేరుకుంటాడు, ఏం మాట్లాడావని అడిగితే ఏమీ గుర్తులేదంటాడు. లింక్‌కి అలా ఎక్కడ జరిగింది? పైగా దేవత చెప్పుచేతల్లోనే ఉంటే సైలెంట్ రెల్మ్ అనే లోకంలో లింక్‌కి పెట్టే పరీక్షలెందుకు? కత్తి కూడా లేకుండా 15 కన్నీటి చుక్కలు ఏరుకోవాలి, ఒక్కో చుక్క తీశాక 90 సెకన్ల వరకే కాపలావాళ్ళు కదలకుండా ఉంటారు, కాపలావాడి దెబ్బ ఒక్కటి తగిలితే మళ్ళీ మొదటికే. (మా తమ్ముడి స్విచ్‌లో ఆడినప్పుడు చేతులకి చెమటలు పట్టేవి, అంత టెన్షన్.) ఓడిపోయే వీలున్నచోట పరీక్ష ఉంటుంది గానీ, ముందే తాడు కట్టి ఉంచినవాడికి దేనికి? అయితే దేవత తప్పేమీ లేదని కాదు. హైలియాయే మళ్ళీ లింక్ చిన్ననాటి స్నేహితురాలు జెల్డాగా పుట్టింది, జెల్డా కోసం లింక్ ఎంతకైనా తెగిస్తాడని ముందే తెలుసు, తెలిసే వాడుకుంది. ఆ మాట జెల్డాయే ఏడుస్తూ ఒప్పుకుంటుంది. నా దృష్టిలో పూనకం కన్నా అదే ఎక్కువ దారుణం, ఎందుకంటే ప్రేమ అతనిదే, లెక్క మాత్రం ఆవిడది. నిజంగా సొంత ఇష్టమంటూ లేకుండా పుట్టింది లింక్ కత్తిలో ఉండే ఆత్మ ఫై. వీరుడికి దారి చూపించడానికే హైలియా ఆమెను సృష్టించింది. ఆ వ్యాసంలో ఫై ఊసే లేదు.